వెనక కమాను

తుప్పు అంటే జగ్గమ్మకి ఒళ్ళు జలదరించేంత అసహ్యం. బురద ఫరవాలేదు, పేడ ఫరవాలేదు, చేపల పొట్టల్లో చెత్త అయితే చిన్నప్పటి నుంచీ చేత్తో లాగి పారేసిందే. తుప్పు మాత్రం పడదు. పెళ్ళయి కలకత్తాలోని వాట్‌గంజ్‌కి వచ్చిన కొత్తలోనే ఆమెకి దాంతో పరిచయమైంది. మొగుడు గవరయ్య డాక్‌లో ఓడల ఒళ్ళు గోకే పని చేసేవాడు. ఓడ పక్కన తాళ్ళతో పలక వేలాడదీసి, దాని మీద కూర్చుని, పొద్దస్తమానం సుత్తితో తుప్పు రాల్చి ఆ పైన రంగు కొట్టడం. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద తుప్పు, చెవుల్లో తుప్పు, ఉమ్మితే తుప్పు. అతని చొక్కా నానబెట్టిన బకెట్టులో నీళ్ళు కోడిని కడిగిన నీళ్ళలా అయ్యేవి. అన్నంలో కూడా ఆ వాసనే వస్తోందేమోనని ఆమె ముద్ద ముద్దకీ నోటి దగ్గర ఒక్క క్షణం ఆగేది.

అలాంటి మనిషి కడుపున పుట్టిన అప్పలసూరి పోయి పోయి ఒక తుప్పుబండి మీద మనసు పడ్డాడు.

ఆ బండి ఏ దేశానిదో ఎవరికీ సరిగ్గా తెలియదు. జుట్లు పెంచుకున్న దొరలిద్దరు, ఒక దొరసాని, నేల మీదుగానే దేశాలు దాటుకుంటూ అందులో వచ్చారట. కలకత్తాలో అది మొరాయిస్తే గోడ పక్కన వదిలేసి విమానమెక్కి పోయారు. పోర్టు గోడౌన్ వెనకాల కొన్ని వానాకాలాల పాటు అది నానింది. చివరికి వేలం వేస్తే, వీధి చివర గేరేజీ నడిపే బెంగాలీ నిమాయ్ దా పాడుకున్నాడు. లోపల మంచం, మడత బల్ల, చిన్న కుళాయి తొట్టి, గేసు పొయ్యి, కిటికీలకి పువ్వుల తెరలు. చక్రాలున్న ఇల్లు. వీధి వీధంతా వచ్చి చూసి మురిసిపోయింది. జగ్గమ్మా వెళ్ళి చూసింది. ఆమెకి మంచం కనబడలేదు. మంచం కింద ఎలుక పెట్టిన పిల్లలు కనబడ్డాయి, తెరల్లో పిల్లి ఉచ్చ వాసన కొట్టింది, కుళాయి తొట్టిలో ఆకుపచ్చటి పాచి మీద ఏదో కదిలింది. ఇంటికొచ్చి తలస్నానం చేసింది.

అప్పలసూరి ఆ గేరేజీలోనే మెకానిక్కు. నిమాయ్ దా అతనికి ఒక మాట ఇచ్చాడు. బండిని బాగుచేసి పెళ్ళిళ్ళకీ పిక్నిక్కులకీ అద్దెకి తిప్పుతాడు, దానికి డ్రైవరు సూరి. అందుకు ముందు నలుగురి కళ్ళలో పడాలి కాబట్టి, మన తెలుగువాళ్ళ క్లబ్బు ఆ ఆదివారం డైమండ్ హార్బరుకి వెళ్ళే పిక్నిక్కుకి బండిని ఊరికే ఇస్తాడు. మగవాళ్ళు, వంట సామాను లారీలో. ఆడవాళ్ళు, పిల్లలు బండిలో. పిల్లలంటే జగ్గమ్మ మనవరాలు హైమ కూడా. ఇంకా బడిలో వెయ్యలేదు దాన్ని.

జగ్గమ్మ భయాలు వీధిలో అందరికీ తెలుసు. భూమి కింద రైలు కోసం చౌరంఘీలో తవ్వుతున్నారంటే, ఆ గొయ్యి పాక్కుంటూ తమ ఇంటి కిందికి వస్తుందని ట్రంకుపెట్టె మంచం మీద పెట్టుకు పడుకున్న మనిషి. ట్రాములో కిటికీ పక్కన కూర్చోదు, తీగ తెగి మీద పడుతుందని. కాబట్టి ఆమె ఒద్దంటే, ఆ పని చెయ్యొచ్చన్నమాటే అని కోడలు సుందరి నవ్వుతూ ఉంటుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం జగ్గమ్మ అన్నం క్యారియరు పట్టుకుని గేరేజీకి వెళ్ళేసరికి బండి వెనక భాగం చెక్క దిమ్మల మీద లేచి ఉంది. కింద నుంచి కొడుకు కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఒరే సూరీ, ముందు బయటికి రా. ఆ దిమ్మ జారితే ఏటవుతావు."

"జారదమ్మా. నువ్వొచ్చేదాకా ఆగి జారాలని దానికేటి పంతమా."

"మీ అయ్య పలక తాడు తెగదనే అన్నాడు. తెగి నీళ్ళల్లో పడ్డాడా నేదా."

"పడ్డాడు, ఈదుకోనొచ్చినాడు. నాను పుట్టకముందు కత అది. ఇంకా సెప్తన్నావు."

అతను పాక్కుంటూ బయటికొచ్చాడు. ముఖమంతా ఎర్రటి పొడి. పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. జగ్గమ్మ క్యారియరు దూరంగా పెట్టి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అయినా చూడకుండా ఉండలేకపోయింది. భయం ఉన్నచోటికి కళ్ళు వాటంతట అవే వెళ్తాయి ఆమెకి.

"ఏటిది, ఇలగ ఉబ్బిపోనాది."

"కమాను. వెనకాల బరువంతా దీని మీదే. గోతిలో దిగితే ఇది వంగుతాది, మనం ఎగిరి పడకుండా."

పొడవాటి ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన కట్ట అది. వానలో తడిసి ఆరిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. సూరి స్క్రూ డ్రైవరుతో ఒక అంచు ఎత్తాడు. పుండు మీద చెక్కు లేచినట్టు అరచేయంత ముక్క లేచి ఊడిపడింది. దాని కింద తడి. ఆ తడిలో నారింజ రంగు జిగురు, అందులో సన్నటి కాళ్ళున్న పురుగులు వెలుగు తగిలి అటూ ఇటూ పరిగెత్తాయి.

"ఇది నయం," అన్నాడు సూరి. "ఇది సూడు." పట్టీల కట్ట చివర బండి చట్రానికి పట్టి ఉంచే బ్రాకెట్టు అది. దాని మీద స్క్రూ డ్రైవరు మొన పెట్టి కొంచెం నొక్కాడు. పుచ్చిపోయిన పంటిలో పుల్ల దిగినట్టు సగం దాకా దిగిపోయింది. బయటికి తీస్తే సన్నటి చప్పుడుతో తుప్పు రాలింది, చాలాసేపు రాలింది.

జగ్గమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇందులో మన హైమ గుంటని ఎక్కిస్తావేట్రా."

"ఇలగే ఎక్కిస్తానేటి. మార్చేస్తాం."

ఇంతలో నిమాయ్ దా బీడీ వెలిగించుకుంటూ వచ్చాడు. అతను బెంగాలీలోనే మాట్లాడతాడు, జగ్గమ్మ తెలుగులోనే జవాబు చెప్తుంది. ఇన్నేళ్ళలో ఇద్దరికీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. "కిచ్ఛు హొబే నా, మాశీ," అన్నాడు. ఏమీ కాదు పిన్నీ అని. ఎప్పుడూ ఆ మాటే అంటాడు. మల్లిక్ బజారులో పాత కారు కమాను పట్టీలు దొరికాయి, అవి కోసి సరిపెడతారు. బ్రాకెట్టుకి మాత్రం కొత్త ఇనుప పలక వెల్డింగు చెయ్యాలి. పక్క కొట్టు వెల్డరుతో మాటైపోయింది.

"ఎప్పుడు సేస్తాడు."

"కరెంటు ఉన్నప్పుడు," అన్నాడు నిమాయ్ దా, పొగ వదులుతూ.

కరెంటే లేదు. ఆ ఏడు లోడ్ షెడ్డింగు వీధి మీద పగబట్టింది. గురువారం పొద్దున పోయిన కరెంటు సాయంత్రానికీ రాలేదు. వెల్డరు కొట్టు ముందు కూర్చుని ముఖానికి కట్టుకునే నల్లద్దంతో విసురుకుంటూ పేకాట ఆడుకున్నాడు. శుక్రవారం కాసేపు వచ్చింది. సూరి పరిగెత్తుకెళ్ళి అతన్ని లేపుకొచ్చాడు, రెండు మెరుపులు మెరిశాయో లేదో మళ్ళీ చీకటి. జగ్గమ్మ ఏదో ఒక వంక పెట్టుకుని గేరేజీ చుట్టూ తిరుగుతూనే ఉంది. బండి దిమ్మల మీదే ఉంది. ఆమెకి కొంచెం నిబ్బరంగా కూడా ఉంది, దిమ్మల మీద ఉన్న బండి ఎక్కడికీ పోదు కదా అని.

శనివారం మధ్యాహ్నం సూరి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నానికి కూర్చుని, "అయిపోనాది," అన్నాడు.

"వెల్డింగయిందా."

"అయిపోనాదని సెప్పినాను కదా."

"కరెంటెప్పుడొచ్చింది. మనింట్లో బలుబు ఎలగనేదు."

"పప్పు ఎయ్యమ్మా," అన్నాడతను, కంచంలోకి చూస్తూ.

గోడకి చేరగిలబడ్డ గవరయ్య చెవిలో పుల్ల తిప్పుకుంటూ ఉండిపోయాడు. సుందరి మాత్రం, "అత్తకి బండి బాగయినా బెంగే, పాడయినా బెంగే," అంది. హైమ తన మంకీ క్యాపు అప్పుడే తగిలించుకుని మంచం మీద గెంతుతోంది.

సాయంత్రం బండికి పూజ చేస్తామంటే నిమాయ్ దా సంతోషంగా ఒప్పుకున్నాడు. మనవాళ్ళలో పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకుండా బండి కదపరు. జగ్గమ్మ ముందు అద్దానికి బొట్లు పెట్టింది, స్టీరింగుకి పెట్టింది, నాలుగు చక్రాలకీ పెట్టింది. అందరూ అక్కడితో ఆపుతారు. ఆమె ఆపలేదు. బొట్టు ఎక్కడ పెట్టాలి, భయం ఎక్కడుందో అక్కడ పెట్టాలి. గోనెపట్టా పరుచుకుని, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య దోపుకుని, పసుపు గిన్నె పట్టుకుని బండి వెనక చక్రం పక్క నుంచి లోపలికి దూరింది. పట్టీల కట్ట మార్చారు. బ్రాకెట్టు నల్లటి రంగుతో తళతళలాడుతోంది. చూడ్డానికి పెళ్ళికొడుకు బూటులా ఉంది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. అనవసరంగా పిల్లాణ్ణి అనుమానించాననుకుంది.

బొటనవేలికి పసుపు రాసుకుని బ్రాకెట్టు మీద అదిమింది. వేలు లోపలికి పోయింది.

ఇనుము చల్లగా గట్టిగా ఉంటుంది. ఇది మెత్తగా, జారుడుగా, గోరు చుట్టూ బిగుసుకునేట్టు ఉంది. వేలు లాగితే చప్పుడయింది. నల్ల రంగు పొర చినిగి, లోపల పసుపుపచ్చటి ముద్ద కనబడింది. వాసన చూసింది. బట్టల సబ్బు. తను రోజూ మొగుడి చొక్కాకి రాసే సబ్బు. ఇంకొంచెం తవ్వింది. సబ్బు, సిమెంటు రవ్వ, తడి జుట్టులా చుట్టుకున్న జనపనార, ఆ వెనకాల ఏమీ లేదు. ఉత్త బొక్క. బండి బరువంతా మొయ్యాల్సిన కమాను కొస ఒక చెక్క మేకు మీద, నాలుగు చుట్ల తీగ మీద ఆనుకుని ఉంది.

బయటికి పాక్కుంటూ వచ్చి గోడ పక్కన వాంతి చేసుకుంది. "మాశీకి పెట్రోలు వాసన పడదు," అని నిమాయ్ దా జాలిపడ్డాడు. జాలిపడుతూ బండి వెనక చక్రం వైపు ఒక్కసారి చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. అది ఆమె చూసింది.

ఇంటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. సుందరి కుళాయి దగ్గరుంది. చేతిలోని నల్లటి ముద్దని కొడుకు ముందు నేల మీద పెట్టింది.

"ఇదేట్రా."

సూరి దాన్ని చూశాడు. కాదనే ఓపిక కూడా లేనట్టు గోడకి జారబడ్డాడు. "ఒక్క రోజే కదమ్మా. డైమండ్ హార్బరు ఎంత దూరం. మెల్లగా తోల్తాను. కరెంటు రాగానే వెల్డింగు కొట్టించేస్తాను. ఈ ఆదివారం తప్పితే నిమాయ్ దా బండికి ఇంకో డ్రైవర్ని ఎతుక్కుంటాడు."

"ఆడికి తెలుసా."

"ఆడే సబ్బు తెమ్మన్నాడు."

"సబ్బుతో కూరడం ఎవులు నేర్పినారు నీకు."

సూరి తండ్రి వైపు చూశాడు. గవరయ్య చెవిలో పుల్ల తీసి, దాని కొసని చూసుకుని, "నానే," అన్నాడు.

అతను దాచాలని కూడా అనుకోలేదు. "ఓడకి సిల్లు పడితే ఏటి సేస్తారనుకున్నావు. రేకు కోసి ఏస్తే ఓడ ఎన్ని దినాలాగిపోవాల. మా కూలీల సర్దారు సబ్బిస్తాడు, సిమెంటిస్తాడు, నార ఇస్తాడు. కూరీసి పైన రంగు కొట్టీడమే. మర్నాడు సూసేటోడొచ్చి సుత్తితో అక్కడా ఇక్కడా కొడతాడు. ఎక్కడ కొట్టాలో సర్దారే సూపిస్తాడు. ఓడ ఎళ్ళిపోద్ది."

"ఎళ్ళిపోయి."

"ఎళ్ళిపోయి ఏటి. ఎళ్ళిపోద్ది. మల్లీ మనకి కనబడదు."

"అందులో ఉన్నోల్లో."

ఈ మాట ఎప్పుడూ ఆలోచించనట్టు గవరయ్య పుల్లని వేళ్ళ మధ్య తిప్పాడు. "వోల్లు మనోల్లు కారు కదే," అన్నాడు చివరికి.

"రేపు ఎక్కేది మన గుంట."

"అందుకే సెక్క మేకు కూడా ఎయ్యమన్నాను," అన్నాడు గవరయ్య. "ఓడకి అదీ ఎయ్యం."

జగ్గమ్మ అతని చేతి వేళ్ళ వైపు చూసింది. ఆ వేళ్ళతోనే అతను హైమకి అన్నం కలిపి పెడతాడు. ఇన్నేళ్ళు ఆమె తుప్పుని అసహ్యించుకుంటూ బతికింది. ఇప్పుడనిపించింది, తుప్పు నయం. అది ఉన్నది ఉన్నట్టు ఎర్రగా కనబడుతుంది. దాన్ని చూసి పక్కకి తప్పుకోవచ్చు. ఈ సబ్బూ, ఈ రంగూ, తళతళా. వీటి మీద సంపాదించిన అన్నమే ఇన్నాళ్ళూ తను తిన్నది. అన్నం కుండ మీద మూత పెట్టేసింది.

"ఎవులికైనా సెప్తే నా పని పోద్ది," అన్నాడు సూరి. "పని పోతే పోనీ. ఈదిలో తలెత్తుకు తిరగ్గలనా."

ఆమెకి అదీ తెలుసు. సబ్బు అన్న మాట బయట పెడితే కొడుకు పేరు పోతుంది. సబ్బు అనకుండా ఏం చెప్పినా, అది రోజూ చెప్పే మాటలాగే ఉంటుంది. అయినా ఊరుకోలేక సుందరితో అంది, "రేపు నువ్వూ గుంటా ఎల్లొద్దే."

"అత్తా, పోయినేడు సర్కస్‌కి ఎల్లినప్పుడు ఏనుగు బయటికొచ్చేస్తాదన్నావు. వచ్చిందేటి."

క్లబ్బు సెక్రటరీ పెద్దిరాజు ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. "బాబూ, ఆ బండి మంచిది కాదు. అందరూ లారీలో ఎల్లిపొండి."

"పిన్నీ, లారీ మాత్రం మంచిదని ఎలగ తెలుసు నీకు," అన్నాడు పెద్దిరాజు. లోపల్నుంచి అతని పెళ్ళాం నవ్వింది. ఒక గ్లాసు టీ ఇచ్చి పంపించారు.

ఆదివారం పొద్దున మంచు దట్టంగా పట్టి ఉంది. లారీ మీద డేగిశాలు, మైకు, మేకమాంసం గంపలు ఎక్కాయి. పిల్లలంతా మంకీ క్యాపులు పెట్టుకుని ఒకేలా ఉన్నారు. తల్లులు పేర్లు పెట్టి పిలిస్తే ఎవరిదో ముఖం ఇటు తిరుగుతోంది. పావ్‌రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు కట్టిన పొట్లాలు పంచుతున్నారు. నిమాయ్ దా బండి బానెట్టు గుడ్డతో తుడుస్తూ, వచ్చేపోయేవాళ్ళకి లోపలి మంచం చూపిస్తున్నాడు. సూరి తెల్ల చొక్కా వేసుకున్నాడు. గవరయ్య మగవాళ్ళతో లారీ ఎక్కి, కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు జగ్గమ్మ వచ్చింది. తలదువ్వుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా బండి ఎక్కి, వెనక ఎడమ వైపు, సరిగ్గా ఆ కమాను మీద పడే సీట్లో కూర్చుంది.

"అత్త పిక్నిక్కుకొస్తాదట," అని సుందరి బుగ్గలు నొక్కుకుంది. "ఇయాల సూర్యుడు మన కుళాయి దగ్గర లేచినాడేమో సూడండి."

సూరి కిటికీ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "అమ్మా, దిగు," అన్నాడు.

"ఏటికి. నువ్వు బాగుచేసిన బండే కదా."

"పోనీ ముందుకొచ్చి కూకో. అక్కడ కుదుపు ఎక్కువ."

"ఇక్కడే బాగుంది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ముఖాన చెమట. చలికాలం పొద్దున చెమట. రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఉంది. ఆమె లెక్క ఒకటే. నేను ఇక్కడ కూర్చుంటే వాడు బండి తియ్యడు. వాడు నా కొడుకు.

అతను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆడవాళ్ళు ఎక్కారు. పిల్లలు కిటికీల కోసం కొట్టుకున్నారు. ఎవరో పాట మొదలుపెట్టారు. జగ్గమ్మకి ఏమీ వినబడటం లేదు. అప్పుడు హైమ కాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చి, "మామ్మా, నాను నీకాడ," అని ఎగబాకి ఒళ్ళో కూర్చుంది. చేతిలో గుడ్డు. జగ్గమ్మ దాన్ని తోసెయ్యాలనుకుంది. "మీ అమ్మకాడికి ఎల్లు," అనబోయింది. చెయ్యి తొయ్యలేదు సరికదా, దాని నడుం చుట్టూ చుట్టుకుంది. తన ఒక్కదాని ప్రాణం ఒడ్డి వచ్చిన మనిషి, ఇప్పుడు ఇద్దరి బరువుతో ఆ సబ్బు మీద కూర్చుంది.

"చలో," అని నిమాయ్ దా బానెట్టు మీద చరిచాడు.

బండి కదిలింది. నెమ్మదిగా, పెళ్ళివారి బండిలా. వీధి మలుపు దగ్గర కాలవ మీద పరిచిన రాతిపలక ఒకటి ఎప్పుడూ కుంగి ఉంటుంది. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రం పలక మీదికి ఎక్కి దిగింది. జగ్గమ్మ కూర్చున్న చోటు కింద, పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడయింది. ఎవరూ పాట ఆపలేదు. జగ్గమ్మ అరవలేదు కూడా. హైమ తలని తన మెడలోకి అదుముకుని, ముందున్న అద్దంలోకి చూసింది. ఆ అద్దంలో సూరి కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

ఇంజను ఆగిపోయింది. అతనే ఆపాడు.

"అందరూ దిగండి," అన్నాడు.

"ఏటయినాది, సూరీ."

"కమాను పనికిరాదు. వెల్డింగు అవనేదు. దిగండి, నెమ్మదిగా."

నిమాయ్ దా పరిగెత్తుకొచ్చాడు. ఏమీ కాలేదు, కిచ్ఛు హొబే నా, ముందు పోనియ్యి అని చెవిలో గుసగుసగా తిట్టాడు. సూరి వినిపించుకోలేదు. అందరూ దిగాక తెల్ల చొక్కాతోనే కిందికి దూరాడు. చెక్క మేకు అప్పటికే నిలువునా చీలిపోయి ఉంది. దిమ్మ ఆనించి, తీగ తెంపి మేకు లాగేసరికి, సబ్బు ముద్ద ముద్దంతా నల్ల తోలుతో సహా ఊడి, చల్లారిన గంజిలా కాలవ పక్కన పడింది. నారలో బొద్దింక గుడ్లు. దాని వెనకాల బ్రాకెట్టు సగం తుప్పు రేకులుగా చిట్లి కిందికి జారింది. బండి వెనక భాగం దిమ్మ మీదికి ఆవు కూర్చున్నట్టు కూలబడింది.

ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి పెట్టుకున్నారు. "ఛీ," అంది ఎవరో. పెద్దిరాజు లారీ దిగి వచ్చి, కాలి చివరతో ఆ ముద్దని కదిపాడు.

"సబ్బు," అన్నాడు. ఇంకోసారి అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "సబ్బు కూరి మా పిల్లల్ని ఎక్కించినావేట్రా."

సూరి చేతులు నల్లగా, పసుపుగా ఉన్నాయి. చొక్కా మీద తుప్పు. "అవును," అన్నాడు.

నిమాయ్ దా చేతులెత్తి, నాకేం తెలియదు, వెల్డింగు చెయ్యమనే చెప్పాను, అని అందరికీ వినబడేలా బెంగాలీలో ప్రమాణం చేశాడు. జగ్గమ్మ అతని ముఖంలోకి చూసింది. సబ్బు తెమ్మన్నది నువ్వేనన్న మాట నోటి దాకా వచ్చి, అసహ్యం వేసి, అక్కడే ఉండిపోయింది. రేపటి నుంచి పనిలోకి రావద్దని సూరికి చెప్పి అతను గేరేజీలోకి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళూ పిల్లలూ లారీలోనే ఎక్కారు, డేగిశాల మధ్య ఇరుక్కుని. సుందరి మొగుడి చేతులు చూసి, పలకరించకుండా హైమని ఎత్తుకుపోయింది. గవరయ్య లారీ దిగలేదు. పక్కకి జరిగి కోడలికి చోటిచ్చి, ఎదురుగా ఉన్న గోడని చదువుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగింది. మైకు పాట కాసేపు వినబడింది.

వీధిలో గుడ్డు పెంకులు, అరటి తొక్కలు. సూరి కాలవ గట్టు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు బాగుందామ్మా నీకు."

"నేదు," అంది జగ్గమ్మ.

నిజంగానే లేదు. మనవరాలు క్షేమంగా వెళ్ళింది, దానికైనా గుండె కుదుటపడాలి. పడలేదు. లారీ కిందా కమాన్లు ఉంటాయి. డాక్ నుంచి వెళ్ళిన ఓడలకి లెక్కే లేదు. ఎక్కడ వేలు పెడితే ఏది మెత్తగా దిగుతుందో అనిపించి, తను నిలబడ్డ రాతిపలక మీద నుంచి కూడా పక్కకి జరిగింది.

గేరేజీ తలుపు సందులోంచి నిమాయ్ దా చూస్తున్నాడు. ఆమెకి అర్థమైంది. బ్రాకెట్టులో మిగిలిన సగం అలాగే వదిలేస్తే, రేపు ఇంకో మెకానిక్కు వస్తాడు. వాడికీ కరెంటు ఉండదు. వాడి చేతికీ ఒక సబ్బు ఇస్తాడు.

నిన్న పూజకి పరుచుకున్న గోనెపట్టా బండిలోంచి లాక్కొచ్చి చక్రం పక్కన పరిచింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద చతికిలబడింది.

"ఎల్లు. మిగిలింది కూడా పీకీ. మొత్తం. మల్లీ సబ్బు కూరడానికి అంచు కూడా మిగలకూడదు."

"నా పని పోనాదమ్మా. ఆడి బండి ఆడిష్టం."

"పెట్టింది నువ్వు. తియ్యి."

సూరి చొక్కా చేతులు పైకి మడిచాడు. తరవాత లేచి కిందికి దూరాడు. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, రాలుతున్న చప్పుడు. ఒక నల్లటి చెయ్యి చక్రం పక్క నుంచి బయటికొచ్చింది. అందులో తడి తుప్పు రేకు, దానికి అంటుకున్న సబ్బు. జగ్గమ్మ ఊపిరి బిగబట్టి, అరచెయ్యి పట్టి, అందుకుంది. అది ఆమె చేతిలో మెత్తగా విరిగి, వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారింది. పక్కకి వేసి, మళ్ళీ చెయ్యి చాపింది.

"అయిపోనాదా."

"నేదు. ఇంకా లోపలికుంది."

"అయితే తే," అంది జగ్గమ్మ.